చిలక చదివిన ఇంగ్లీషు పాఠం

దేవుడి మీదకన్నా నా మీద నాకు కాస్త ఎక్కువ నమ్మకం ఉన్న రోజులవి. ఇరవై రెండేళ్లకే కొల్లేరు ఒడ్డున ఒక చిన్న బడిలో నాలుగో తరగతికి ఇంగ్లీషు టీచరునయ్యాను. తాడేపల్లిగూడెంలో మా అమ్మమ్మ నడిపే పారాయణ మండలిలో పెరిగినదాన్ని కనుక నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: ముందు ఒకరు అనాలి, వెనక అందరూ అనాలి. ఇంగ్లీషు పాఠాలూ అలాగే తాళం వేసి చెప్పాను. ఏలూరు నుంచి తనిఖీకి వచ్చినాయన ముందు పిల్లలు ఒక్క గొంతుతో పాఠం చదివి, చివర కళ్లు మూసుకుని "గోవిందా గోవింద" అన్నారు. (అది పుస్తకంలో లేదని ఆయనకు నేనే విన్నవించుకోవలసి వచ్చింది.)

ఆ బృందానికి నాయకురాలు, చేపల చెరువులో కూలికి వెళ్లే ఒకావిడ కూతురు. ఒకసారి వింటే చాలు, అప్పజెప్పేసేది. అందరం చిలక అనేవాళ్లం. పరీక్షలో మాత్రం ఒక్కొక్కరే కొత్త పేరా చదవాలి. చిలక పుస్తకం పట్టుకుని, మొదటి వరుస మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, "మీరొక్కసారి అనండి టీచర్ గారూ, నేను చదివేస్తాను" అంది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను.

చదువు రావాలని, బడిలో సరస్వతీదేవి పటం పెట్టిన స్తంభం చుట్టూ నలభై రోజులు, రోజూ పదకొండు ప్రదక్షిణలు చేయమన్నాను. ఒక్కరోజూ మానకుండా చేసింది. తరువాత ఇంకో పేరా ఇస్తే, "మీరొక్కసారి అనండి" అంది. "తెలుగులోనూ అంతేనండీ, చెవితో నెట్టుకొస్తోంది" అన్నారు తెలుగు మాస్టారు. ఆ మాట నేను పట్టించుకోలేదు.

వాళ్లమ్మ వచ్చింది. "దీనికి చదువొస్తుందంటారా టీచర్ గారూ? రాదంటే నాతో చెరువుకి తీసుకుపోతానండీ. మీరేమంటే అదేనండీ."

"తెలివికేం లోటులేదమ్మా, బద్ధకం. నాలుగు రోజులు కష్టం తెలిస్తే తనే చదువుతుంది."

ఆవిడ నా మాట మన్నించి చిలకని చెరువుకి తీసుకుపోయింది. నాలుగు రోజులయ్యాయి, నాలుగు నెలలయ్యాయి. ఒకరోజు నేనే చెరువు గట్టుకి వెళ్లాను. చిలక వల సర్దుతూ నన్ను చూసి, పాత పాఠం మొత్తం అప్పజెప్పింది. తాళం తప్పలేదు. చివర గోవింద అనడమూ మరచిపోలేదు.

చాలా ఏళ్లకు ఏలూరులో మాకు శిక్షణ పెట్టారు. "కొందరు తెలివైన పిల్లలు విన్నది చెప్పగలరు, చూసి చదవలేరు. సొంత భాషలో జ్ఞాపకశక్తితో కప్పిపుచ్చుకుంటూ వచ్చిన ఇబ్బంది కొత్త భాష దగ్గర బయటపడుతుంది. అది డిస్‌లెక్సియా కావచ్చు. మీరు తేల్చేయకండి, తెలిసినవాళ్లకి చూపించండి. బద్ధకమని మాత్రం అనకండి" అంది మాకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన, నాకన్నా చాలా చిన్నదైన ఒకమ్మాయి. అందరూ రాసుకున్నారు. ఆ ప్రదక్షిణలు చేయవలసింది నేను. అమ్మవారు క్షమించిందనే నమ్ముతాను. చిలకని అడిగే ధైర్యం ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాను. మొన్న శనివారం పారాయణకి కళ్లజోడు మరచిపోయి వెళ్లాను. అందరితో పాటు పేజీలు తిప్పాను, ఒక్క మాట తప్పలేదు.

"కళ్లజోడు లేకుండానే ఎంత చక్కగా చదివారండీ, ఎంత భక్తో" అంది పక్కింటి పిన్నిగారు.

"చదవలేదండీ" అన్నాను నవ్వుతూ. "ముందు మా అమ్మమ్మ అనేది. వెనక నేను అనేదాన్ని."