మంకీ క్యాపూ, గూడెం ఉల్లిపాయలూ

సెల్ ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ దిగని ఆ రోజుల్లో ఊరు వదిలి వెళ్ళడమంటే పెద్ద తంతండీ. ఇప్పటి పిల్లలు భుజాన సంచీ తగిలించుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, "వెళ్ళొస్తా" అని గుమ్మం దిగిపోతున్నారు. పక్కింటివాళ్ళకి కూడా తెలియదు, తెలిసినా పట్టించుకోరు. మా కాలంలో అలా కాదు. (మా కాలమంటే మరీ పాతకాలం అనుకునేరు, రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి మాటే.) ఊరు వదిలేవాణ్ణి ఊరంతా కలిసి సాగనంపేది. ఆ సాగనంపడం ఎంత ఘనంగా జరిగితే తర్వాత అంత ఇరకాటమని నాకు స్వానుభవం మీద తెలిసింది. "సొంతూరు వదిలి వచ్చేసినందుకు బాధగా ఉండదా?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. అడిగినప్పుడల్లా నాకు ఉల్లిపాయల వాసన గుర్తొస్తుంది. నవ్వకండి, పూర్తిగా వినండి.

మాది ఏలూరు నుంచి కొల్లేరు వైపు వెళ్తుంటే, రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు మొదలయ్యాక వచ్చే చిన్న ఊరు. నాన్న ఆ చెరువుల మీద పనిచేసేవారు. అమ్మ మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఇంట్లో ఎంత మెత్తటి మనిషో, చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే అంత గట్టి మనిషి. సాక్ష్యమంటే, ఆ వారం దేవుడు తనకి చేసిన మేలు పదిమందిలో లేచి చెప్పి కృతజ్ఞత తెలుపుకోవడం. జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన గేదె దొరికిందనో చెప్పుకుంటారు. నేను ఏలూరులో డిప్లొమా పూర్తిచేసి, ఇంట్లో కూర్చుని ముప్పూటలా తింటున్నంత కాలం అమ్మకి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ దొరకలేదు పాపం. అలాంటిది, హైదరాబాదులో సెల్ టవర్ల కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చిన ఆదివారం ఆవిడ చెప్పిన సాక్ష్యం అయ్యగారి ప్రసంగం కన్నా పొడుగైంది. (పాస్టరు గారిని మేము అయ్యగారనే అంటాం.) "మన సంఘంలోంచి హైదరాబాదు ఉద్యోగానికి వెళ్తున్న మొదటి బిడ్డ మావాడేనండీ, దేవుడికి స్తోత్రం" అంది. అందరూ స్తోత్రం అన్నారు. స్తోత్రం అనిపించుకున్నాక ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు కదండీ.

బయల్దేరే రోజు మా ఇంటి ముందు ప్రార్థన కూడిక పెట్టారు. హైదరాబాదులో చలి చంపేస్తుందని మా ఊళ్ళో ఎవరు ఎప్పుడు చెప్పారో గానీ, వచ్చినవాళ్ళందరిదీ అదే మాట. ఆగస్టు నెల, ఉక్కకి చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది, అలాంటప్పుడు ఒకరు రగ్గు తెచ్చారు, ఒకరు స్వెట్టరు తెచ్చారు. మైకు తాతయ్య మంకీ క్యాప్ తెచ్చి స్వయంగా నా తలకి తొడిగాడు. (ఈయన మా సంఘ పెద్ద. చర్చి మైకు ఇంకొకరి చేతిలో ఉండగా మేమెవరం చూడలేదు. మా పేట మొత్తానికి టెలిఫోను కూడా ఆయన ఇంట్లోనే ఉండేది.) ఇంతలో బస్సు వచ్చింది, అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. నా ప్రయాణం గురించి, రైలు గురించి, కంపెనీ గురించి, కంపెనీ యజమాని కుటుంబం గురించి కూడా ప్రార్థించారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కండక్టరు కాసేపు టిక్కెట్ల సంచీ సర్దుకున్నాడు, కాసేపు గొంతు సవరించుకున్నాడు, ఇక ఉండబట్టలేక "అయ్యగారండీ, తమరు ఏమీ అనుకోకపోతే, పిల్లాడికి ఏలూరులో రైలుందటండీ" అన్నాడు. "ఆమేన్" అని బస్సులోవాళ్ళు కూడా అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్న ఆ కాసేపూ నేను టోపీ సందులోంచి దొంగచూపు చూశాను. అమ్మ పెదవులు అయ్యగారి మాటలతో కలవకుండా వేరేగా కదులుతున్నాయి. నా క్షేమమే కోరుకుంటోంది కాబోలనుకున్నాను.

తీరా చూస్తే హైదరాబాదులో నేను వారం కూడా లేను. జనరేటర్ల గురించీ డీజిలు గురించీ నాలుగు ముక్కలు చెప్పి, మేనేజరు గారు "నీది పశ్చిమ గోదావరే కదయ్యా, అదృష్టవంతుడివి. నీకు తాడేపల్లిగూడెం వేస్తున్నాం. ఆదివారం ఆదివారం ఇంటి భోజనం చెయ్యొచ్చు" అన్నారు. పక్కవాళ్ళు కుళ్ళుకున్నారు. నాకు మాత్రం ఆ రగ్గూ, ఆ స్వెట్టరూ, ఆ మంకీ క్యాపూ కళ్ళముందు ఆడాయి. గూడెం నుంచి మా ఊరికి, మధ్యలో ఏలూరులో బస్సు మారి, తాపీగా టీ తాగినా పూటలో వెళ్ళిపోవచ్చు. అయినా ఇంటికి దగ్గరవుతున్నానన్న సంబరం కూడా లేకపోలేదు. సాయంత్రం ఎస్టీడీ బూతులోంచి మైకు తాతయ్య ఇంటికి ఫోను చేస్తే అమ్మని పిలుచుకొచ్చారు. వెనక టీవీ మోగుతోంది, ఇల్లు నిండా జనం ఉన్నట్టున్నారు. "అమ్మా, నాకు తాడేపల్లిగూడెంలో పోస్టింగు ఇచ్చారు" అన్నాను. "ఏమంటున్నాడమ్మా మనవాడు?" అని మైకు తాతయ్య అడగడం నాకు వినపడుతోంది. "అమ్మా, మన గూడెమేనే. ఆదివారం ఇంటికొచ్చేస్తా" అన్నాను. అమ్మ ఒక్కసారిగా గొంతు పెంచింది. "ఆఁ, అలాగా నాన్నా! చలి బాగా వేస్తోందా? మంకీ క్యాప్ పెట్టుకో!" అని టక్కున పెట్టేసింది. వినపడలేదేమోనని మళ్ళీ చేశాను. "చెప్పాను కదయ్యా, చెవులు కప్పుకో" అని మళ్ళీ పెట్టేసింది.

గూడెం చేరాక ఇంకోసారి ఫోను చేసి, నా గది ఉల్లిపాయల మార్కెట్టు వెనక వీధిలో అని గబగబా చెప్పాను. (దానికి ఆవిడ "ట్రాఫిక్కు జాగ్రత్త నాన్నా" అంది.) ఆ వారంలోనే కొరమేను పులుసు క్యారేజీతో గదికి వచ్చేసింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని సంగతి తేల్చేసింది. "ఒరే నాన్నా, నీకోసం ఊరు ఊరంతా కదిలొచ్చింది. నాలుగు రోజులకే నువ్వు సంచీ ఊపుకుంటూ దిగావనుకో, స్త్రీల సమాజంలో నేను మళ్ళీ నోరెత్తగలనా? క్రిస్మస్‌కి రా. హైదరాబాదులో ఉన్నవాళ్ళు క్రిస్మస్‌కే వస్తారు." "అబద్ధం కదమ్మా అది?" అన్నాను. అమ్మ నొచ్చుకుంది. "సాక్ష్యంలో నేనెప్పుడూ అబద్ధం చెప్పను. క్షేమంగా చేరాడని చెప్పాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు" అంది. ఆ మాట అంటూనే నా కంచంలోకి ఇంకో ముక్క వేసి, చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. కారం ఘాటేమో అనుకున్నాను.

అలా నేను ఊరు వదలకుండానే ఊరికి దూరమైపోయానండీ. దూరదేశం వెళ్ళినవాడికి దారి కనపడదు కాబట్టి కొంత నయం. నాకు పొద్దున్న లేస్తే ఏలూరు బోర్డు పెట్టుకున్న బస్సు ముక్కు ముందు నుంచి పోతుండేది. నల్లజర్ల, జంగారెడ్డిగూడెం దారిలో టవర్లకి డీజిలు పోయించుకుంటూ తిరిగేవాణ్ణి. ద్వారకా తిరుమల కొండ మీద నిలబడి, దక్షిణం వైపు తెల్లగా ఏదో మెరిస్తే, "అదిగో కొల్లేరు!" అని పక్కనున్న డీజిలు డ్రైవరుకి చూపించాను. "ఎవరిదో రేకుల షెడ్డండీ అది" అన్నాడు మహానుభావుడు. దానికి తోడు గూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి మా వైపు కొట్లవాళ్ళు వస్తూనే ఉంటారు. ఎవరైనా చూస్తే అమ్మ పరువు గంగలో కలిసినట్టే. అందుకని గదిలోంచి కాలు బయటపెడితే మంకీ క్యాప్ తొడుక్కునేవాణ్ణి. చెమటలు కారిపోతుంటే హమాలీలు ఆగి మరీ "ఏవండీ, ఒంట్లో బాలేదాండీ?" అని అడిగేవారు. చెవి పోటని చెప్పాను. పాపం మంచివాళ్ళు, ఉల్లిపాయ రసం వెచ్చచేసి తెచ్చి, నన్ను బస్తా మీద పడుకోబెట్టి, బాగున్న నా చెవిలో పోశారు.

అక్కడ అమ్మ తిప్పలు అమ్మవి. పక్షానికోసారి గూడెం రావడానికి ఏదో ఒక సాకు కావాలి కదా, "గూడెంలో ఉల్లిపాయ బావుంటుందండీ" అని చెప్పి బయల్దేరేది. చెప్పాక ఉత్త చేతుల్తో వెళ్ళకూడదు, బస్తా వేసుకుని వెళ్ళేది. ఇంట్లో ఉల్లిపాయ పులుసు, ఉల్లిపాయ వేపుడు, ఉల్లిపాయ పకోడీ. నాన్న చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఆయన కూడా ఒకరోజు, "ఈ ఇంట్లో ఏడవడానికి వేరే కారణం అక్కర్లేదే" అన్నారట. ఇంట్లో తరగనివి ఇరుగుపొరుగుకి పంచింది. వాళ్ళకీ తరగనివి అయ్యగారింటికి చేరాయి. ఒకసారి క్యారేజీ విప్పుతూ, "క్రిస్మస్ ఎంతో దూరం లేదులే" అని నాకు చెబుతున్నట్టు తనకే చెప్పుకుంది.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున్న మార్కెట్టు పక్క కొట్లో టీ తాగుతున్నాను. ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. టోపీ ఇంకొంచెం కిందకి లాక్కున్నాను. "ఎంత లాగితే ఏం లాభం రా? దాన్ని కొన్నవాణ్ణి నేనే కదా" అన్న గొంతు వినపడింది. మైకు తాతయ్య! టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "తాతయ్యా, అమ్మని ఏమీ అనకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. "ఏమంటాం రా? ఊరు ఊరంతా ఉల్లిపాయలు పంచే మనిషి కొడుకు ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి చదువులు కావాలా? ఉల్లిపాయలకి వెళ్ళే మనిషి చేతిలో క్యారేజీ చూసి ఆ కండక్టరు మొదట్లోనే చెప్పాడు. మీ అమ్మ తనంతట తను చెప్పుకుంటే మర్యాదగా ఉంటుందని ఊరుకున్నాం. ఆవిడా చెప్పట్లేదు, మేమా ఉల్లిపాయలు తినలేకపోతున్నాం. ఆదివారం కోత పండుగ, వచ్చెయ్యి." "పదిమందిలో అమ్మ నవ్వులపాలు అవ్వదు కదా?" అని అడిగాను. "మైకు నా చేతిలో ఉంటుంది కదరా" అని వెళ్ళిపోయాడు. నాకున్న భయం అదేనని ఆయనకి ఎలా చెప్పేది?

కోత పండుగంటే పంట చేతికొచ్చాక చర్చిలో చేసుకునే కృతజ్ఞత పండుగ. ఎవరి పంట వాళ్ళు తెచ్చి దేవుడికిస్తారు. కొత్త బియ్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, బకెట్లో బతికున్న చేపలు, అన్నీ ప్రార్థనయ్యాక వేలం వేస్తారు. నేను గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి, బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాను. అమ్మ ముందు వరసలో తల మీద చెంగు కప్పుకుని కూర్చుంది. కోళ్ళు అయిపోయాయి, గుమ్మడికాయలు అయిపోయాయి. మైకు తాతయ్య ఒక బస్తా మీద చెయ్యి వేశాడు. "గూడెం ఉల్లిపాయలు! మన అమ్మాయి తెచ్చింది. మన నేలలో ఉల్లి పండదు, మరి ఇది ఎవరి పంట? ఆ పంట చెప్పుల దగ్గర నిలబడి ఉంది, లోపలికి రమ్మనండి!" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగారు. నేను లోపలికి నడిచాను. కంగారులో మంకీ క్యాప్ తియ్యడం మర్చిపోయాను.

ఎవరో కిసుక్కున నవ్వారు గానీ అమ్మ మొహం చూసి ఆపేశారు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకొచ్చానురా దేవుడా అనిపించింది. అప్పుడు అమ్మ లేచి నిలబడింది. "వందనాలండీ. నాదొక సాక్ష్యముంది" అంది. గొంతు ఎప్పటిలా గట్టిగా లేదు. "ఆ రోజు బస్సు దగ్గర అయ్యగారు మావాణ్ణి క్షేమంగా దూరం చేర్చమని ప్రార్థన చేస్తుంటే, నేను లోపల్లోపల, దూరం తీసుకుపోవద్దు ప్రభువా అని చేసుకున్నాను. ఆయన అయ్యగారి మాట తోసేసి నా మాట విన్నాడు. మీరంతా రగ్గులు కొనిచ్చారు కదా, ఎలా చెప్పుకోనండీ? అడిగింది ఇచ్చాడు, ఇచ్చాక నేనే గుమ్మం మూశాను. వీడు గూడెంలో కూర్చున్నాడు, నేను ఇక్కడ ఉల్లిపాయలు తరుగుతున్నాను" అని ఇక చెప్పలేక ఏడ్చేసింది. చర్చిలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు కళ్ళజోడు తీసి, "స్తోత్రం" అన్నారు. మైకు తాతయ్య మైకు నోటి దగ్గర పెట్టుకుని, "అయితే అమ్మాయ్, ఉల్లిపాయలు ఇక చాలించొచ్చు కదా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్విన నవ్వుకి బకెట్లో చేపలు కూడా ఎగిరిపడ్డాయి. ఆ నవ్వులో మా అమ్మ నవ్వూ ఉంది.

ఇంతకీ ఆ బస్తా వేలంలో ఎవరూ పాడలేదు. ఎవరింట్లో చూసినా ఉల్లిపాయలే, ఎవరు కొంటారండీ? చివరికి నేనే పాడుకున్నాను. ఆ రాత్రి నా మంచం మీద నేను పడుకుని, మర్నాడు బస్సెక్కితే పాత కండక్టరే ఉన్నాడు. "ఏవండీ, గూడెం వెళ్తూ ఉల్లిపాయలు పట్టుకెళ్తున్నారేమిటండీ?" అన్నాడు. మార్కెట్టులో హమాలీలకి పంచేశాను. చెవి పోటు తగ్గిందని చెబితే ఎంత సంతోషించారో.

ఆ తర్వాత ఆ ఉద్యోగం నన్ను నిజంగానే దూరం తిప్పింది. విశాఖ, రాయపూర్, ఇప్పుడు భోపాల్. విశాఖ బయల్దేరినప్పుడు మళ్ళీ బస్సు దగ్గర కూడిక పెడతామంటే అమ్మే వద్దంది. "ఎందుకండీ, మళ్ళీ నా ప్రార్థనే వినేస్తే?" అందట. ఊరు వదిలినందుకు బాధ ఉండదా అంటే, ఏం చెప్పను? అప్పుడప్పుడూ ఉంటుంది. కానీ పోవడానికి ఇల్లుంది, టిక్కెట్టు తీసుకుంటే పోతాను, "మళ్ళీ వచ్చావా?" అని ఎవరూ అడగరు. పూట దూరంలో ఉండి పోలేకపోయినన్నాళ్ళూ నేను ఊరు వదిలినవాణ్ణి. ఆ మంకీ క్యాప్ పిల్లాణ్ణి తలుచుకుంటే జాలీ వేస్తుంది, ముద్దూ వస్తుంది. నా రహస్యం నా కన్నా జాగ్రత్తగా దాచి, ఇష్టం లేని ఉల్లిపాయలు అన్నాళ్ళు తిన్న ఊరికి నేను ఎప్పటికీ రుణపడే ఉంటాను. భోపాల్లో డిసెంబరంటే నిజంగానే గజగజ ఒణికించే చలండీ. మొన్న ఫోను చేస్తే అమ్మ, "చలి బాగా వేస్తోందా నాన్నా? మంకీ క్యాప్ పెట్టుకో" అంది. "వేస్తోందమ్మా, గూడెంలో వేసినంత కాదులే" అన్నాను. అటువైపు అమ్మ చాలాసేపు నవ్వింది. నేను టోపీ తొడుక్కున్నాను.