మా మట్టిలో నిలవని డీఎన్ఏ

మొన్న రాజమండ్రిలో మేం చదువుకున్న కాలేజీవాళ్ళు మా పెద్దమ్మ కూతురికి సన్మానం చేశారు. ఏనాటి మనుషుల ఎముకల్లోంచో డీఎన్ఏ తీసి, ఎవరు ఎటునుంచి వచ్చారో చెప్పే శాస్త్రంలో అక్క పేరు దేశదేశాల్లో తెలుసు కాబట్టి హాలు నిండిపోయింది. ఒకప్పుడు ఆమెతో కలిసి పనిచేశానని, సభకు పరిచయం చేసే పని నాకు అప్పగించారు. మైకు ముందు నా గొంతు బాగానే పలికింది గాని, పడుచుతనంలో గుండెలో అంటుకున్న మంట ఇంకా ఆరలేదని మాత్రం తెలిసింది. నా వయసువాళ్ళు మీరు నవ్వుకున్నా సరే, రిటైరయ్యాక కూడా అసూయ మోకాళ్ళ నొప్పిలాగే ఉంటుంది; పోయిందనుకుంటాం, మెట్లెక్కేటప్పుడు లేస్తుంది.

అక్కా నేనూ ఏడాది తేడాతో ఒకే బడిలో, ఒకే కాలేజీలో చదివి, చివరికి హైదరాబాదులో ఒకే ప్రొఫెసరు గారి దగ్గర పరిశోధనకు చేరాం. ఆయన అక్కకు మంచుకొండల్లో దొరికిన ఎముక ఇచ్చారు. నాకు మా మొగల్తూరు వైపు చేపల చెరువు తవ్వుతుంటే బయటపడ్డ పాత సమాధిలోని ఎముక వచ్చింది. మా గడ్డ మీద తొలుత తిరిగిన మనిషి ఎవరో నేనే చెబుతానని ఇంటికి ఫోను చేసి మరీ గొప్పలు పోయాను. డీఎన్ఏ చలిలో నిలుస్తుందనీ, వేడికీ తేమకీ చివికిపోతుందనీ చదివి తెలుసుకోవడం వేరు, నెలల తరబడి ఖాళీ ఫలితాలు చూస్తూ తెలుసుకోవడం వేరు. వరి పండించే మా మట్టి మీద నాకు కోపం వచ్చింది ఆ రోజుల్లోనే.

ఎముక మీద మన చెమట చుక్క, ఊపిరి తుంపర పడినా మన డీఎన్ఏ అందులో కలిసిపోతుంది కనుక, తలనుంచి పాదాలదాకా తెల్లటి సూట్లు వేసుకుని ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చునేవాళ్ళం. ఎముకను డ్రిల్లుతో పొడి చేస్తుంటే పంటి డాక్టరు గదిలో వచ్చే వాసన వచ్చేది. పని సాగుతున్నవాళ్ళకే వచ్చే కూనిరాగమొకటి అక్క మాస్కు వెనక నుంచి వినబడేది. అది విన్నప్పుడల్లా నా పళ్ళు బిగుసుకునేవి.

ఒకరోజు నాకూ ఫలితం వచ్చింది, స్పష్టంగా, వరుసగా! కబురందగానే నాన్నగారు ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు కట్టించుకుని రైలెక్కి వచ్చేశారు. ఆయన వచ్చిన పూటే ప్రొఫెసరు గారు నన్ను గదిలోకి పిలిచారు. ల్యాబులో అందరి డీఎన్ఏతోనూ పోల్చి చూశారట.

"ఇది పాత మనిషిది కాదమ్మా, నీదే," అన్నారు మెల్లగా.

నా వెనకే వచ్చిన అక్క వెంటనే అందుకుంది. "నాదైనా కావచ్చండి. మొన్న ఆ గదిలో పనిచేసింది నేను కూడా. మాది ఒకే అమ్మమ్మ కదండీ."

నిజమే. ఆ కాలంలో మేం చదవగలిగింది తల్లినుంచి బిడ్డకు వచ్చే భాగం ఒక్కటే. అక్కాచెల్లెళ్ళ బిడ్డలం గనుక అది మా ఇద్దరిలో ఎవరిదో ఎవరూ తేల్చలేరు. అక్క నన్ను కాపాడాలనే అంది. తప్పులో కూడా వాటా పంచుకునేంత మంచితనం తనకు ఉండటం నేను ఓర్చుకోలేకపోయాను. ఆ వారంలోనే, నాన్నగారు ఇంకా ఊరు వెళ్ళకముందే, తన మంచుకొండల మనిషి డీఎన్ఏ నిక్కచ్చిగా వచ్చింది. నా కోసం తెచ్చిన పూతరేకుల పెట్టె విప్పి నాన్నగారే అందరికీ పంచారు. నోట్లో వేసుకుంటే కరిగిపోయేవి ఆ రోజు నాకు గొంతు దిగలేదు.

నా మొగల్తూరు ఎముకను పక్కన పెట్టేశారు. కొన్నాళ్ళకు నేను రాజమండ్రి వచ్చి జువాలజీ పాఠాలు చెప్పుకున్నాను. అక్క పేరు పత్రికలో కనబడ్డప్పుడల్లా ముందు కత్తిరించి దాచాలనిపించేది, ఆ తర్వాత చింపేయాలనిపించేది. రెండూ చేయలేదు.

సభ అయ్యాక భోజనాల దగ్గర, ఇప్పుడు ల్యాబులో పని ఎలా ఉందని అడిగాను.

"నన్నడక్కే," అంది అక్క, పప్పు కలుపుకుంటూ. "ఎముక ఒకచోట, మెషీను ఒకచోట, లెక్కలు కట్టేవాళ్ళు ఇంకెక్కడో. పేపర్లో నా పక్కన పేరున్నవాళ్ళలో సగంమంది మొహాలు నేను చూడలేదు. వాళ్ళు కంప్యూటర్లో చేసేది నాకు సగం అర్థం కాదు, తెలుసా?"

నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. అంతలో ఎవరో ఫొటో కోసం అక్కను లాక్కుపోయారు, నా అసూయ మళ్ళీ తన చోటికి తాను వచ్చి కూర్చుంది. ఇప్పటివాళ్ళు ఫోనులో ముక్కూ మొహం తెలియనివాళ్ళ విజయాలు చూసి కుళ్ళుకుంటారు పాపం. నేను మా అక్కను చూసి కుళ్ళుకున్నాను, ఆమె చేతులు చూస్తూ, ఆమె పాట వింటూ, మధ్యాహ్నం ఆమె డబ్బాలోంచే ఆవకాయ వేసుకుని తింటూ.