బిగించి కట్టిన వల

కృపమణి పుట్టింది ఓర్వకల్లు దగ్గరి పల్లెలో. కూలికి పోయే తల్లి వెంట తిరిగే ఆ పిల్ల చేతిలో బడి పంతులు ఒకనాడు డిస్కస్, ఆటల్లో విసిరే బరువైన పళ్ళెం, పెట్టాడు. విసిరితే అది బడి దాటి కంది చేలో పడింది. ఆపైన చాలా ఏళ్ళు రాష్ట్రంలో ఆమెను మించి విసిరినవాళ్ళు లేరు. భుజం చెడ్డాక కర్నూలులో ఒక కాలేజీకి కోచ్‌గా వచ్చింది. పొద్దున్నే గుగ్గిళ్ళు ఉడికించి తెచ్చి, పిల్లలు తినేదాకా డిస్కస్ ముట్టనిచ్చేది కాదు. దేవుడిచ్చిన మెత్తని మనసు. ఎవరినీ ఒక మాట అనలేకపోయేది.

ఆ వేసవిలో, విసిరే చోటు చుట్టూ ఉండే రక్షణ వల చినిగిపోయింది. కొత్తది రాలేదు. శివాని అనే అమ్మాయికి ఎంపిక పోటీలు దగ్గరపడ్డాయి, వల లేక సాధన ఆగిపోయింది. మైదానం పక్కన గొర్రెలు మేపే కంబన్న ఆ బాధ చూడలేక, ఆదివారం కృపమణి చర్చిలో ఉండగా, తన మంద చుట్టూ కట్టే వల తెచ్చి కట్టాడు. మందకు కట్టినట్టే బాగా బిగించాడు.

సోమవారం కృపమణి దాన్ని చేత్తో నొక్కి చూసింది; కొంచెమైనా లోపలికి పోలేదు. ఆ వల వదులుగా వేలాడాలి. అప్పుడే గురి తప్పిన డిస్కస్ అందులో చిక్కి కిందపడుతుంది. బిగిస్తే విసిరినవాళ్ళ మీదికే ఎగిరొస్తుంది.

“ఎట్లుండాది పాపా? తోడేలు గూడా దూరల్యాదు!” కంబన్న ముఖం వెలిగిపోతోంది.

“శానా బాగుండాది మామా. రొంత వదులు...”

“వదులు జేస్తే కుక్కలు దూరుతాయి. గొర్రెల సంగతి నీకేం తెలుసులే!”

ఆయన నవ్వాడు. ఆమె మాట మింగేసింది. ఆయన మందను తోలుకుపోయాక విప్పుదామనుకుంది. పిల్లలతో, “రొంచేపు ఆగండి” అని మాత్రం అంది. ఎందుకో చెప్పలేదు.

గాలి ఆడటం లేదు. వల గోడలా నిలబడి ఉంది.

“ఏమే శివానీ, నిలబడితే దూరం పోతుందా?” తోటి అమ్మాయి మహాదేవి ఎగతాళి చేసింది.

శివాని చటుక్కున విసిరే వలయంలోకి దిగి తిరిగింది.

“వద్దు!” అంటూ కృపమణి పరుగెత్తింది. శివాని పట్టు ముందే జారింది. డిస్కస్ వలకు కొట్టుకుని తిరిగొచ్చింది. శివానిని పక్కకు తోసిన కృపమణి మోచేతికి తగిలింది.

విరిగిన ఎముక నెలల తర్వాత అతికింది. చేయి మాత్రం పూర్తిగా చాచలేకపోయింది. దెబ్బ తగిలిన రోజు నుంచే కంబన్న మైదానం వైపు రాలేదు. చేతికి కట్టు ఉండగానే ఆమే ఆయన మంద దగ్గరకు పోయింది.

“నా చేతులతో కట్టినా పాపా. నీ చేయి తీసినా.”

“నాకు నోరుండాది మామా. ఆ పొద్దు తెరవలేదు. రా, వల ముళ్ళు విప్పుదాం. నాకు ఒక చెయ్యే ఉండాది.”

మైదానంలో ఆయన విప్పుతుంటే, “ఇంకా వదులు, ఇంకా” అంటూ గట్టిగానే చెప్పింది. వల మెల్లగా ఊగసాగింది. శివాని మాత్రం వలయం బయటే నిలబడి ఉంది. కృపమణి చేతి కట్టు చూసి, తన చేతిలోని డిస్కస్ నేలమీద పెట్టేసింది.