ఖాళీ చేసిన క్వార్టర్

మా అత్తగారు దెయ్యాల కథలు మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. పలాస దగ్గర వాళ్ళ ఊళ్ళో ప్రతి మలుపుకీ ఒక కథ ఉండేది. నేను పుట్టి పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. మా తాత, నాన్న ఇద్దరూ రైల్వేలోనే చేశారు. ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక నంబరు, ఒక ఫైలు. ఒకరు వెళ్తే ఇంకొకరు వస్తారు. ఇన్ని కుటుంబాలు మారిన ఇళ్ళలో నిజంగా దెయ్యాలే ఉంటే, ఈపాటికి వాటికీ వెయిటింగ్ లిస్టు పెట్టేవారని మా ఆయనతో అనేదాన్ని. ఆయన నవ్వేవారు.

ఆయన పేరు ఈశ్వరరావు. లోకో షెడ్డులో ఫిట్టర్. నలభై నాలుగేళ్ళ వయసు. ఒక ఉదయం డ్యూటీకి వెళ్ళి, టీ తాగుతూ కూర్చున్నచోటే ఒరిగిపోయారు. నేను ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. ఆ ఉదయం గుమ్మం దాటుతూ నాతో ఏదో అన్నారు. కుళాయి శబ్దంలో నాకు వినబడలేదు. సాయంత్రం అడుగుదాంలే అనుకున్నాను.

ఉద్యోగి పోతే కుటుంబం ఆ క్వార్టర్‌లో కొంతకాలం ఉండొచ్చు. గడువు దాటితే ఖాళీ చెయ్యాలి. నాకు కారుణ్య నియామకం కింద కాలనీ ఇళ్ళు చూసే వర్క్స్ ఆఫీసులోనే ఉద్యోగం వచ్చింది. నా ఉద్యోగానికి అంత ఇల్లు రాదు కాబట్టి కాలనీ అవతలి చివర ఒక గది తక్కువున్న క్వార్టర్ ఇచ్చారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మా ఇంటి కోసం చంటిపిల్లతో ఒక ట్రాక్‌మన్ కుటుంబం ఎదురుచూస్తోందని కూడా నాకు తెలుసు. ఆ ఇల్లు వాళ్ళకి కేటాయిస్తున్న కాగితం టైపు చేసింది నేనే.

ఖాళీ చేసేటప్పుడు ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. కుళాయిలు, స్విచ్‌బోర్డులు, గడియలు, కిటికీ అద్దాలు చూస్తారు. గోడలో చెమ్మ ఉంటే రాసుకుంటారు. చివర్లో ఇల్లు పూర్తిగా ఖాళీ అని రాసి సంతకం పెడతారు. లోపల సామాను ఉండకూడదు, మనిషి ఉండకూడదు. అంతే నియమం.

మా గడువు ఆఖరి రోజు శుక్రవారం. పొద్దున్నే వ్యాపార్ విహార్ మార్కెట్టు నుంచి చిన్న బండి మాట్లాడుకుని సామాను చేరేశాం. పక్కింటి సాహు భాభీ గిన్నెలు మోసి సాయం చేసింది. గదులన్నీ నేనే ఊడ్చాను. పెరటి తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి, లాగి చూశాను. ముందు తలుపుకు తాళం వేసి, ఆ తాళంచెవి ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ చేసే నాయుడు గారి చేతిలో పెట్టాను. రెండో తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. నాయుడు గారు బొబ్బిలి వైపు మనిషి. బదిలీ మీద వచ్చి రెండు వారాలే అయింది. మా ఆయన్ని ఆయన ఎప్పుడూ చూసి ఉండరు.

నాలుగు కావొస్తుండగా ఆయన తిరిగొచ్చారు. ముఖంలో చిరాకు.

“ఏటమ్మా, ఖాళీ అయిపోనాదన్నారు. లోపల మనిషిని ఉంచేసి నన్ను సంతకం ఎట్టమంటే ఎలాగ?”

“ఎవరూ లేరండీ. తాళం మీరే కదా తీశారు.”

“నానే తీసేను. వంటింటి గుమ్మం మీద కూకున్నాడాయన. బనీనూ లుంగీ. పాత పళ్ళబ్రష్షుతోటి గోళ్ళు తోముకుంటన్నాడు. ఎప్పుడెల్తారండీ అనడిగితే, ‘పాప ఇస్కూలు నుంచి రావాల గదా. ఎవులూ నేకపోతే బెంగెట్టుకుంటాది’ అన్నాడు. తలెత్తి సూడనేదు కూడాను.”

రాస్తున్న కాగితం పక్కన పెట్టేశాను. షెడ్డులో ఎంత కడుక్కున్నా గోళ్ళలో గ్రీజు పోదు. ఆయన రోజూ ఇంటికొచ్చాక ఆ గుమ్మం మీద కూర్చుని పాత బ్రష్షుతో తోముకునేవారు. అది మా ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ చూసింది కాదు. ఆఫీసులో ఎవరికీ తెలిసే వీలు లేదు.

స్కూటీ మీద పాత క్వార్టర్‌కి వెళ్ళాను. మెట్ల మీద మా అమ్మాయి హారిక స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అయిదో తరగతి పిల్ల. బడి నుంచి కొత్త ఇంటికే రావాలని పొద్దున మూడుసార్లు చెప్పాను.

“భూల్ గయీ మమ్మీ,” అంది. “మర్చిపోయి ఇటే వచ్చేశాను.”

దానికి ఏమీ కనిపించలేదు, ఏమీ వినిపించలేదు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

పిల్లని సాహు భాభీ దగ్గర కూర్చోబెట్టి, నాయుడు గారు చిరాకులో అలవాటు కొద్దీ వేసొచ్చిన తాళం నా దగ్గరున్న చెవితో తీశాను. ఇంట్లో ఎవరూ లేరు. పెరటి తలుపు గడియ నేను పెట్టినట్టే ఉంది. వంటింటి గుమ్మం దగ్గర సిమెంటు మీద పళ్ళెమంత మేర తడి ఉంది. నాయుడు గారు కుళాయి తిప్పి చూసినప్పుడు పడిన నీళ్ళు కావచ్చు. నేను ఆయన్ని అడగలేదు.

అక్కడ నిలబడితే నాకు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. చెప్పకుండా పోయిన మనిషి మీద ఇన్నాళ్ళూ దాచుకున్న కోపం. దానికి తోడు, రేపు కూడా సంతకం పడకపోతే కొత్త ఇల్లు ఏమవుతుందో అన్న కంగారు. ఖాళీ గదిలో గట్టిగానే అన్నాను.

“ఏటండీ, ఏటనుకుంటున్నారు మీరు? ఇది మనిల్లు కాదింక. రేపు వేరేవాళ్ళొస్తారు, చంటిపిల్ల ఉంది వాళ్ళకి. మీరిక్కడ ఉండకూడదు. పాప వచ్చేసింది, నేను చూసుకుంటాను. ఎల్లిపోండి.”

ఏదీ కదల్లేదు. తాళం వేసి వచ్చేశాను.

శనివారం నాయుడు గారు ఇంకో మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళారు. ఇల్లు పూర్తిగా ఖాళీ అని రాసి సంతకం పెట్టారు. శుక్రవారం నాటి కాగితం కూడా ఫైలులోనే ఉంది. ‘ఒక వ్యక్తి లోపల ఉన్నారు’ అని ఆయన రాసిన మాట మీద ఆయనే ఒక గీత గీశారు. గీత కింద అక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు.

తర్వాత ఒకరోజు మా ఆయన కూడా ఉన్న షెడ్డు వాళ్ళ గ్రూప్ ఫోటో పట్టుకెళ్ళి, వీళ్ళలో ఎవరైనా ఆ రోజు గుమ్మం మీద కూర్చున్నాయనలా ఉన్నారా చూడమన్నాను. నాయుడు గారు ఫోటో వైపు చెయ్యి చాపలేదు.

“వొద్దమ్మా,” అన్నారు. “ఎవుడో తలుపు తీసుంటే దూరుంటాడు. అలాగే అనుకుందారి.”

తలుపు తీసి లేదని ఆయనకీ తెలుసు. నేను మళ్ళీ అడగలేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు ట్రాక్‌మన్ కుటుంబం ఉంటోంది. ఒకసారి బజారులో వాళ్ళావిడ కనిపిస్తే, ఇల్లు ఎలా ఉందని అడిగాను. “అచ్ఛా హై, దీదీ,” అంది. వేరే ఏమీ చెప్పలేదు. నేను ఇంకేదో వినాలని ఎదురుచూశానని ఆమెకు తెలియదు.

కొత్త ఇంట్లోకి వచ్చి ఏడాది దాటింది. ఆ రోజు నాయుడు గారు చూసిందేమిటో నాకు తెలియదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ చెప్పలేను. లేవని నవ్వే ధైర్యం కూడా పోయింది. హారిక బడి నుంచి వచ్చే వేళకి, నాకు సెలవు రోజైతే, నేను వంటింటి వైపు చూస్తూ కూర్చుంటాను. ఒక్కసారి కూడా ఎవరూ లేరు.

ఆ రోజు అక్కడ ఆయన లేకపోతే నేనన్న మాటలు గోడలకి తగిలి పోయాయి, ఫరవాలేదు. ఉంటే మాత్రం ఆయన విన్నారు, నేను చెప్పినట్టే వెళ్ళిపోయారు. అన్ని మాటలన్నాను. మాతో రండి అని ఒక్క మాట అనలేదు.