బీట్లు లేని కీబోర్డు

నరసరావుపేట బస్టాండు దగ్గర వాద్యాలమ్మే షాపు ఒకటుంది. మొన్న దాని ముందు నుంచి నడిచి పోతుంటే లోపల ఎవరో కీబోర్డు మీద డెమో బటన్ నొక్కారు. డప్పులు, బాకాలు, గిటార్లు, చప్పట్లు అన్నీ కలిసి ఒక్కసారిగా వీధిలోకి దూకాయి. ఎవరి చెయ్యీ కీబోర్డు మెట్ల మీద లేదు. కొనటానికి వచ్చిన పెద్దమనుషులు మాత్రం తామే వాయిస్తున్నంత సంబరంగా తలలూపుతున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట మా సుగుణమ్మ టీచర్ నాకు అంటించి వెళ్లినది. ఆమెను ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, వాళ్లంతా ఒక్కసారైనా ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్లే.

ఆమె గురజాలలో చిన్నపిల్లల బడి పంతులమ్మ. సాయంత్రాలు మా చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం పక్క బజారు దాకా వినపడేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నువ్వు చేసుకుని ఏం బావుకున్నావో ముందు చెప్పు" అనేది. మా అమ్మ మిరపకోతలకు పోయే రోజుల్లో నన్ను ఆమె ఇంట్లో వదిలి వెళ్లేది. అక్కడే ఆమె పాత హార్మోనియం మీద నా వేళ్లు కదలటం నేర్చాయి. నాకన్నీ తొందరే. పాటంతా ఒక్క పూటలో వచ్చెయ్యాలి. ఆమె నా వేలు పట్టుకుని ఆపేది. "ఏమే రూతూ, రెండోది నొక్కటానికి అంత తొందరేందే? మొదటిది ఇంకా మాట్లాడతానే ఉందిగా. దాన్ని పూర్తిగా చెప్పనీ."

మా చర్చిలో ఆడపిల్లలు పాడతారు, మగపిల్లలు వాయిస్తారు. అలాగని ఎవరూ చట్టం చెయ్యలేదు, అయినా చట్టం కంటే గట్టిగా నడిచేది. నేను ఇంటర్ చదివేటప్పుడు పాత కీబోర్డు మూలనపడింది, దాన్ని వాయించే అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాదు పోయాడు. గుంటూరు పోయి కొత్తది కొనాలన్నారు. సంఘ పెద్ద యేసోబు బాబాయ్ అప్పటికే లెక్క తేల్చేశాడు. బీట్లున్న కీబోర్డు తెస్తే దాని తాళం అదే వేసుకుంటుంది, తన అన్న కొడుకు పక్కన కూర్చుని ఒక వేలు పెడితే చాలు. ఆ కుర్చీలో కూర్చోవాలని నాకెంత ఆశగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవటానికి సిగ్గేం లేదు. ఆరాధన జరుగుతున్నంత సేపూ పాటల పుస్తకం అట్ట మీద వేళ్లు ఆడించుకుంటూ ఉండేదాన్ని. టీచర్ అది చూసింది. మీటింగులో లేచి నిలబడి, "వాయించేది రూతు. ఎంచేది కూడా రూతే. నేనూ తోడు పోతా" అని కూర్చుంది. యేసోబు బాబాయ్ నవ్వాడు. "గుంటూరు రానీలే టీచరమ్మా, ఎంచేదేందో అక్కడ చూద్దాం" అన్నాడు.

గుంటూరు షాపులో కుర్రాడు మమ్మల్ని చూడగానే డెమో బటన్ నొక్కాడు. బాబాయ్ ముఖం చాటంతయింది. టీచర్ చెయ్యి అడ్డం పెట్టింది. "అది ఆపు బాబూ. అది వాయిస్తే మాకెందుకు, మా పిల్ల గదా వాయించాల్సింది." తర్వాత నా వైపు తిరిగి పియానో సౌండు పెట్టించమంది. ఒకే మెట్టును ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కమంది. మొదటి కీబోర్డులో రెండుసార్లూ ఒకటే పలుకు, మోత తగ్గటం పెరగటం తప్ప స్వరంలో మార్పు లేదు. "ఇది మనసు లేంది, పక్కన పెట్టు" అంది. రెండోదానిలో కాలి పెడల్ తొక్కి పట్టి ఒకదాని మీద ఒకటి స్వరాలు పేర్చమంది. కాసేపటికి మొదట నొక్కినవి చప్పుడు లేకుండా మాయమయ్యాయి. "కొత్తవాళ్లు రాంగానే పాతవాళ్లను గెంటేస్తాంది. ఇదీ వద్దు."

మూడోది ఒక మూల ఉంది. నల్లటిది, దీపాల తళుకులు లేనిది, మెట్లు బరువైనవి. మెల్లగా నొక్కితే పియానో చెవిలో చెప్పినట్టు పలికింది, గట్టిగా నొక్కితే నిలదీసింది. వయొలిన్ల గుంపు పెట్టి వేళ్లు ఆనించగానే చల్లగాలి లేచినట్టు స్వరం నిదానంగా లేచింది, వేళ్లు తీశాక కూడా కాసేపు గదిలో తిరిగి అప్పుడు పోయింది. నాకు ఏడుపొచ్చింది. టీచర్ "ఇదే" అంది.

"ఇందులో బీట్లు ఏయి?" అన్నాడు బాబాయ్.

"ఇది వర్క్‌స్టేషనండీ. పియానో, ఆర్కెస్ట్రా సౌండ్లకు దీన్ని మించింది మా దగ్గర లేదు. బీట్లు కావాలంటే మీరే కూర్చుకోవాల" అన్నాడు కుర్రాడు.

"మనమే కూర్చుకునేదానికి ఇంత పోసి కొనటం దేనికంట?"

"చందాలు పోగుచేసింది మా పాటల ఆడోళ్లు యేసోబన్నా. ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. వాళ్ల పాటకు ఏది కావాలో అదే కొంటాం" అంది టీచర్. బాబాయ్ ఒప్పుకోక తప్పలేదు. కానీ నచ్చకపోతే సోమవారం తెచ్చి మార్చుకోవచ్చని షాపు కుర్రాడు అన్న మాటను గట్టిగా పట్టుకున్నాడు.

శనివారం సాయంత్రం పెద్దలంతా చేరి కీబోర్డును చూశారు. దాన్ని ఎవరూ వాయించనే లేదు. బీట్లు లేవన్న మాట మీదే తీర్పయిపోయింది. సోమవారం మార్చెయ్యాలన్నారు. నేను టీచర్ ఇంటికి పరుగెత్తి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది, "ఏడవమాకు. సోమవారానికంటే ముందు ఆదివారం వస్తది."

మా దగ్గర ఒక ఆచారం ఉంది. చర్చికి ఫ్యాను కొన్నా, గంట కొన్నా ఆరాధనలో పాస్టరు గారు దాని మీద చెయ్యి పెట్టి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. ఒకసారి ఆమెన్ అన్నాక అది దేవుడి సొత్తు, ఇక అమ్మటం మార్చటం ఉండవు. అంతకు ముందొకసారి పెద్దలు తొందరపడి, మోగించి చూడకుండానే ఒక స్పీకరును ప్రతిష్ఠ చేయించారు. దాని గురగురను ఏళ్ల తరబడి భక్తిగా భరించారే గానీ తిరిగి ఇవ్వటానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆదివారం ప్రకటనలు అయ్యాయో లేదో టీచర్ లేచింది. "అయ్యగారూ, కొత్త కీబోర్డు వచ్చింది. ప్రార్థన చెయ్యండి." పెద్దల తీర్మానం పాస్టరు గారికి ఇంకా చేరలేదు. ఆయన సంతోషంగా దిగి వచ్చి చెయ్యి పెట్టారు. సంఘమంతా లేచి కళ్లు మూసుకుంది. బాబాయ్ ఏదో అనబోయాడు గానీ ప్రార్థన మధ్యలో మాట్లాడటం ఎట్లా? చివర్లో అలవాటు కొద్దీ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆయనే.

"కూర్చోవే" అంది టీచర్. కూర్చున్నాను. పియానోతో మొదలుపెట్టి రెండు వరుసలు దాటానో లేదో వెనక నుంచి బాబాయ్ గొంతు, "బీట్ ఏదమ్మా?"

టీచర్ పాట ఆపలేదు. శ్రుతి తప్పకుండా ఊపిరి మధ్యలో అనేసింది, "దేవుడు రెండు చేతులిచ్చాడుగా అన్నా, కొట్టు!"

ఆడవాళ్లలో నవ్వు పుట్టింది, దాని వెనకే చప్పట్లు. కాసేపటికి మగవాళ్లూ కలిశారు. చరణంలో నేను వయొలిన్లు కలిపాను. నా చేతుల కింద నుంచి లేచిన ఆ స్వరం మా వాళ్ల పాటను ఎత్తి పట్టుకుంటుంటే, ఈ కుర్చీ ఇక ఎవడికీ ఇవ్వను అనుకున్నాను. దేవుడి ముందు అనుకోవాల్సిన మాటేనా అంటే, ఏమో, నేనైతే అనుకున్నాను.

అంతటితో అంతా చక్కబడిందని అనుకోకండి. ఏటేటా ఎవరో ఒకరు మగపిల్లాణ్ణి కూర్చోబెడదామంటూనే ఉండేవారు. "తీసుకురండి, రూతు పక్కన కూర్చుని నేర్చుకుంటాడు" అని టీచర్ అంటూనే ఉండేది. అట్లా నేర్చుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, మంచి పిల్లలు.

పోయినేడు ఆమె పోయింది. జ్వరమని పడుకుంది, లేవలేదు. నాకు ఆ దేవుడి మీద కూడా కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. సమాధి దగ్గర మట్టి వేసి వస్తుంటే యేసోబు బాబాయ్ నా పక్కకు వచ్చాడు. ముసలివాడయ్యాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయనా ఏడ్చాడు, కాదనను. కానీ అన్నది ఇదీ: "పాటల బృందం ఇకమీదట ఎవరు నడపాల్నో పెద్దలం మీటింగు పెట్టి తేలుస్తాంలే అమ్మా. అందాక ఆపండి."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన గొంతు పక్క బజారు దాకా వినపడి ఉంటుంది. "మీటింగు పెట్టుకోండి బాబాయ్. ప్రాక్టీసు మాత్రం ఆదివారం మూడింటికి. మీది లావు గొంతు, వచ్చి మగవాళ్ల వరుసలో నిలబడండి."

ఆయన వచ్చాడు. నిలబడ్డాడు. మీటింగులో ఏం తేల్చారో నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.