జమ్లి పదహారు రోజులు

అశ్వారావుపేట దారిలో, అడవి అంచున, యూనివర్సిటీ వాళ్ల పరిశోధన క్షేత్రం ఒకటుంది. అక్కడి ప్రయోగశాలలో గాజు సీసాలు కడిగి, మట్టి నమూనాలు ఆరబెట్టే పని జమ్లిది. కూలిగా చేరి, పర్మనెంటై, పద్నాలుగేళ్లు నెట్టుకొచ్చింది. ఆలస్యంగా వచ్చిందని ఆమెను ఎవరూ ఏనాడూ అనలేదు. అలాంటి మనిషి 2005 జనవరిలో పదహారు రోజులు కంటికి కనపడలేదు.

కారణం తండా అంతటికీ తెలుసు. ఆమె మనవడికి అమ్మతల్లి పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు, కూరలకు తాలింపు మానేశారు. అమ్మతల్లి ఉన్నన్నాళ్లు ఇంటి మనిషి గడప దాటకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ఇంట్లోంచి కాగితం ముక్క కూడా బయటికి పోకూడదు. దవాఖానా మాటెత్తితే తల్లికి కోపం. అందుకే జమ్లి సెలవు చీటీ పంపలేదు. క్షేత్రంలో ట్రాక్టర్ నడిపే లచ్చిరాం ఆమె ఇంటి ముందునుంచి పోతుంటే, గడప లోపలినుంచే కేకేసి సంగతి చెప్పింది. అతను ఆఫీసులో చెప్పాడు కూడా. కానీ నోటి మాటను ఫైల్లో ఎట్లా పెడతారు?

స్నానాలన్నీ అయ్యాక జమ్లి పనికి వచ్చింది. సీనియర్ అసిస్టెంట్ రెహమాన్ హాజరు పుస్తకం ముందుకు జరిపాడు. పదహారు గళ్లలో ఎర్ర సిరా.

"చెప్పకుండ రాలేదని రాసిన్రు జమ్లమ్మా. గిట్లనే ఉంటే జీతం పోవుడొక్కటే కాదు. సర్వీసు తెగుతది. నీ పద్నాలుగేండ్లు పింఛను లెక్కలకు రావు."

"లచ్చిరాం చెప్పలేదా సార్?"

"చెప్పిండు. ఏ కాగితం మీద చెప్పిండు?"

"మరి నా సెలవులు కోసుకోండ్రి."

"ఏడున్నయి? బిడ్డ కాన్పుకు అన్నీ వాడుకుంటివి గద."

రెహమాన్ మంచివాడు. బీరువాలోంచి రూల్సు పుస్తకం తీసి, వేలు పెట్టి చదివి వినిపించాడు. ఇంట్లో అంటురోగం ఉండి ఉద్యోగి రాలేకపోతే ప్రత్యేక సెలవు ఇవ్వవచ్చు. జీతంలో కోత ఉండదు, ఇంక్రిమెంటు తేదీ కదలదు, సర్వీసు తెగదు. కాకపోతే డాక్టరు కాగితం కావాలి.

"రోగమేంది సార్, అమ్మతల్లి గదా."

"నాకు తెలుసు. మా ఇంట్ల పిల్లలకు పోస్తే నేనూ వేపాకు కట్టిన. పుస్తకానికి తెల్వదు, ఏం జేస్తం?"

జమ్లి ప్రభుత్వ దవాఖానాకు పోయింది. చూడని పిల్లవాడికి ఎట్లా రాసేదని డాక్టరు అడిగాడు. మర్నాడు మనవణ్ని చంకనేసుకుని పోయింది. "మచ్చలున్నయమ్మా. ఏ తారీకున వచ్చిందో మచ్చలు చెప్తయా?" అన్నాడు. తారీకు లేకుండా కాగితం తెచ్చినా చెల్లదన్నాడు రెహమాన్. మూడోసారి బస్సు తప్పిపోయింది. పామాయిల్ గెలల ట్రాక్టర్ల వెనక, దుమ్ములో, ఆటోలో కూరుకుని దవాఖానాకు చేరేసరికి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు. రూలు పెట్టినవాళ్లు ఎక్కడో ఉన్నారు. ఎదురుగా ఉన్నవాళ్లంతా మంచివాళ్లే.

మెట్ల మీద కూలబడితే నర్సు సుజాత మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఏంది జమ్లక్కా, రోజూ ఈడనే కనవడ్తున్నవ్?"

జమ్లి అంతా చెప్పింది. వింటూ వింటూ సుజాత నవ్వింది.

"పోలియో చుక్కలకు వచ్చిన్నాడు వాకిట్లనే నన్ను ఆపలేదా నువ్వు? లోపలికి రావద్దు సిస్టరమ్మా అంటివి. తలుపు మీద చాక్‌పీసుతో ఎక్స్ గీసి పోయిన. వారానికి మళ్ల వస్తే మళ్ల ఆపితివి. ఎండల రెండుసార్లు తిప్పినవ్, ఎంత తిట్టుకున్ననో."

"తిట్టుకుంటే తిట్టుకున్నవ్ గని, ఇప్పుడు దానితోటి ఏం పని?"

"చుక్కలు వెయ్యని ఇల్లు ఉంటే ఎందుకు వెయ్యలేదో రాయాలె మేము. రాయకపోతే మా సార్లు ఊకుంటరా?"

సుజాత ఇనప బీరువా తెరిచి, కాగితాల కట్ట విప్పి, ఒక్కొక్కటే తిరగేసింది. దొరికింది. తండా పేరు, ఇంటి నంబరు, తారీకు, పక్కన ఆమె రాత: 'పిల్లవాడికి అమ్మవారు, చుక్కలు వేయలేదు.' వారం తర్వాతి కాగితంలోనూ అదే మాట. డాక్టరు రెండు తారీకులూ చూసి సర్టిఫికెట్ రాసిచ్చాడు.

అంతటితో అయిపోయిందనుకుంది జమ్లి. ఫైలు హైదరాబాదు పోయింది. రెండు నెలలకు ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది. ఉద్యోగి వేరొక ఇంట్లో ఉంటూ పనికి రావచ్చు కదా, ఎందుకు రాలేదు?

"తల్లి మా ఇంటికొస్తే నేను పక్కింట్ల పండాల్నా?" జమ్లి గొంతు మొదటిసారి పెరిగింది. "ఎవరు రానిస్తరు? ఆ రాసినాయన రానిస్తడా వాళ్లింట్లకు?"

"అదే రాస్త, జర మర్యాదగ," అన్నాడు రెహమాన్. తండాలో మరే ఇంటివాళ్లూ ఆమెను రానివ్వరనీ, పనికి వచ్చి ఉంటే ప్రయోగశాలలో నలుగురికీ సోకేదనీ రాసి, చదివి వినిపించాడు. తల్లి సోకుతుందన్న మాట జమ్లికి నచ్చలేదు. అయినా కొట్టెయ్యమనలేదు.

జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. పదహారు రోజులూ ప్రత్యేక సెలవే. రెహమాన్ సర్వీసు పుస్తకంలో ఎక్కించి చూపించాడు. పద్నాలుగేళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. జమ్లి రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం నెమ్మదిగా పెట్టింది.

"ఇంకోసారి గిట్లయితే మొదటిరోజే సుజాతమ్మకు కబురు పంపు," అన్నాడతను.

"ఇంకోసారి వచ్చేముందు జర ఆఫీసుల చెప్పి రమ్మంట సార్, అమ్మతల్లిని," అంది జమ్లి.

అనేశాక భయమేసింది. గబగబా లెంపలేసుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టుకుని, కడగాల్సిన సీసాల దగ్గరికి పోయింది.