లోహిత్ పేరున్న రాయి

వీరభద్రం ఏ రాయి ముందు నిలబడినా మొదట దాన్ని తట్టి చూస్తాడు. ఆళ్ళగడ్డలో శిల్పుల ఇంట పుట్టినవాడికి అది గుడికెళ్ళి గంట కొట్టడం లాంటి అలవాటు. వేలి కణుపుతో రెండు దెబ్బలు వేసి చెవి ఒగ్గుతాడు. ఖంగుమంటే మంచి రాయి, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. పదిహేనేళ్ళ కిందట కెనడాలోని ఎడ్మంటన్‌లో గుడి స్తంభాలు చెక్కడానికి వచ్చి, ఆ పనయ్యాక వంటింటి గట్లకు గ్రానైట్ పలకలు కోసే షాపులో చేరాడు. అక్కడా అదే వరస. మిషన్ కోసే పలకను తట్టడమెందుకని తోటివాళ్ళు నవ్వితే, వాళ్ళకు అర్థమైనా కాకున్నా తెలుగులోనే జవాబు చెప్పేవాడు. "మిషనుకు చెవుల్లేవు గదప్పా!"

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఉన్నదల్లా అక్క సరోజన, ఆమె కొడుకు లోహిత్. రెండు వేల ఇరవై రెండులో ఊళ్ళో కుర్రకారంతా కెనడా విమానం ఎక్కేస్తుంటే, సరోజన మాత్రం కొడుకును పంపనని భీష్మించుకుంది. ఒప్పించింది వీరభద్రమే. "నేను లేనా అక్కా?" అన్నాడు.

లోహిత్ వచ్చి కాలేజీలో సప్లై చెయిన్ డిప్లొమాలో చేరాడు. వారమంతా వేర్‌హౌస్‌లో డబ్బాలు మోసి, ఆదివారం మేనమామ పక్కన కూర్చుని పనికిరాని తునకల మీద అక్షరాలు చెక్కేవాడు. గాడి రెండు వైపుల నుంచీ ఏటవాలుగా దిగి అడుగున దారమంత సన్నగా కలవాలి. అది కుదరడానికి వాడికి ఏడాది పట్టింది. అన్నీ నేర్చుకున్నాడు గానీ ఒక్క దానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఇంటి శిల్పులు రాతి మీద తమ పేరు చెక్కరు.

"మరి ఎవరు చెక్కింది ఎట్లా తెలుస్తాది మామా?"

"రాయికి తెలుస్తాది. చాల్లే."

మరుసటి ఏడాది డిసెంబరులో షిఫ్టుకు వెళ్తూ మంచు పేరుకున్న రోడ్డు మీద కారు జారి లోహిత్ చనిపోయాడు. ఇరవై మూడేళ్ళు. వాడి బట్టలు, పుస్తకాలు పెట్టెలో అక్కకు పంపించాడు వీరభద్రం. వాడు చెక్కిన తునకలు షాపు చెత్తతో పాటు ఎప్పుడో పోయాయి. నేర్పిన విద్యకు గుర్తుగా ఆయన దగ్గర రాతి ముక్కయినా మిగల్లేదు.

నలభై రోజులు దాటాక లోహిత్ క్లాస్‌మేట్, కరీంనగర్ పిల్ల నిఖిల వచ్చి తల దించుకుని కూర్చుంది.

"అంకుల్, అక్టోబర్‌ల మేమందరం దక్షిణాన పాత చెక్కడాల లోయ చూడనీకి పోయినం, ఈడి ఆదివాసులు పూజించే జాగ. అక్కడ లోహిత్ కారు తాళంతోని ఒక రాయి మీద పేరు చెక్కిండు. వద్దన్నా వినలె. తప్పని తెల్సి ఫోటో కూడా తియ్యలె."

వీరభద్రానికి ముందు కోపం వచ్చింది. తరతరాల కట్టుబాటు మీరాడు, పైగా పరాయివాళ్ళు పూజించే చోట! మరుక్షణమే కోపం కరిగి ఏడుపొచ్చింది. వాడి చేతి పని ఒకటి ఇంకా లోకంలో ఉంది. అక్కకు ఫోన్ చేస్తే ఆమె ఒకటే అడిగింది. "ఫోటో తీసి పంపు భద్రం. వాడి చేతి రాత ఒకసారి చూసుకుంటా."

ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌లో వీరభద్రం, నిఖిల బయలుదేరారు. ఆరు గంటలు డ్రైవ్ చేశాక పొలాలు ఆగిపోయాయి. పల్చటి మంచు కింద పచ్చగడ్డి జాడే లేని ఎడారి నేల. ఉన్నట్టుండి ఆ నేల లోయగా విడిపోయింది. అడుగున గడ్డకట్టిన ఏరు, ఒడ్డున గాలి అరగదీసిన పుట్టగొడుగుల్లాంటి రాళ్ళు. కొండ వాలులో ఇనుప కటకటాల వెనక అక్కడి ఆదివాసులైన బ్లాక్‌ఫుట్ ప్రజల పూర్వీకులు ఎప్పుడో చెక్కిన గుర్రాలు, డాళ్ళు పట్టిన మనుషులు. తాకవద్దని పక్కనే బోర్డు. వీరభద్రం టోపీ తీసి దణ్ణం పెట్టాడు. చెక్కినవాళ్ళెవరూ పేరు పెట్టుకోలేదని గమనించి, "చూసినావా తల్లీ, వీళ్ళూ మా మాదిరే" అన్నాడు.

లోహిత్ రాయి అక్కడికి దూరంగా, బాట మలుపులో ఉంది. మోకాలెత్తున మూడు తెలుగు అక్షరాలు. వీరభద్రం మోకాళ్ళ మీద వంగి చూశాడు. గాడి ఏటవాలుగా దిగి అడుగున దారమంత సన్నగా కలిసింది. కారు తాళంతో! "వచ్చిందిరా నీకు పని" అన్నాడు పైకే.

"ఒక్క నిమిషం అంకుల్, మీ ఫోన్ కార్ల ఉన్నది, నాది సలికి ఆఫ్ అయింది. వేడి చేసి ఆన్ చేస్తా" అంటూ నిఖిల ఫోన్‌ను కోటు లోపల పెట్టుకుని గాలికి వీపు తిప్పింది.

ఆ ఒక్క నిమిషంలోనే వీరభద్రం చెయ్యి లేచింది. ఆయన లేపలేదు, నలభై ఏళ్ళ అలవాటు లేపింది. వేలి కణుపుతో ఒకసారి, రెండోసారి.

బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన తట్టినవన్నీ గట్టి రాళ్ళు. ఇది ఇసుకరాయి, అందులోనూ చలికాలమంతా మంచులో నాని పొర విడిచిన ఇసుకరాయి. పలకలేదు. అరచేతి వెడల్పు పెచ్చు మూడు అక్షరాలతో సహా ఊడి, నేల తాకి పొడి పొడి అయింది.

"అంకుల్, ఆన్ అయింది" అని తిరిగిన నిఖిలకు రాతి మీద పసుపుపచ్చని మచ్చ, దాని ముందు చెయ్యి గాల్లో ఆపుకున్న మనిషి కనిపించారు.

"వాణ్ణి ఈ దేశానికి పిలిచింది నేనే. దీన్ని కొట్టింది నేనే" అని వీరభద్రం పసిపిల్లవాడిలా ఏడ్చాడు. నిఖిల వంగి పొడి ఎత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దమ్మా. ఈ రాయి వాళ్ళది. తీసుకుపోయే హక్కు మనకు లేదు."

కారు రోడ్డెక్కి సిగ్నల్ రాగానే సరోజన వాయిస్ మెసేజ్ వచ్చింది. చూసినావా, ఫోటో ఏదీ అని. వీరభద్రం కారు పక్కకు ఆపాడు. తర్వాత ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"చలికి ఫోన్ ఆగిపోయిందక్కా, ఫోటో రాలేదు. చూసినాను. బాగా చెక్కినాడు."